ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఆవిడను అందరూ హలోఅక్క అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. పొద్దున్నే చెవులకు ఫోను తగిలించుకుని కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం తిండికి ఒకసారి లేవడం, సాయంత్రం ఇంటికి ఒకసారి లేవడం. మధ్యలో ఊరంతా వచ్చి ఆమె చెవిలో పడేది. కుళాయి రాలేదని ఒకరు, వచ్చింది గానీ ఎర్రగా వచ్చిందని ఒకరు, పక్కింటికి వచ్చి తమకు రాకపోవడం ఏం న్యాయమని ఇంకొకరు. ఒక ముసలాయన అయితే రోజూ చేసి, "ఫిర్యాదేం లేదమ్మా, లైను పనిచేస్తోందో లేదో చూద్దామని" అనేవాడు. అందరికీ విసుక్కోకుండా జవాబు చెప్పి చెప్పి, ఇంటికొచ్చేసరికి తల్లి ఏదైనా అడిగితే తలతోనే ఊ అనేది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేసిన వయసు. తల్లీ కూతుళ్ళిద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. చెల్లెలు బుల్లి, ఆమె భర్త రెండు సందుల అవతల. బుల్లి బట్టలు కుట్టేది. కుట్టేది అనడమే, ఏడాదిన్నరగా మిషను మీద దుప్పటి కప్పి ఉంది. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని, వాడిపోయిన తోటకూర కాడలా ఇంటికి వచ్చేది.

కిడ్నీ ఇవ్వడానికి మొదట ముందుకొచ్చింది మరిది. ఆయన రక్తం కలవలేదు. తల్లికి చక్కెర జబ్బు, ఆమెను పరీక్షించేదాకా కూడా పోలేదు. ఇక మిగిలింది హలోఅక్క. అన్ని పరీక్షలూ అయ్యాక పెద్ద డాక్టరు ఫైలు మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అన్నీ కుదిరాయమ్మా. రక్తం కలిసింది, గుండె బాగుంది, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. బరువొక్కటే."

"బరువుకీ కిడ్నీకీ ఏం సంబంధమండీ?"

"మీకు కోత పెట్టేటప్పుడు కష్టం, కోత మానేటప్పుడు కష్టం. ఆ తర్వాత జీవితాంతం ఒక్క కిడ్నీతో బతకాలి. ఇంత బరువు దానిమీద పెట్టి మిమ్మల్ని ఇంటికి పంపలేను. పన్నెండు కిలోలు తగ్గి రండి, తేదీ అప్పుడు చూద్దాం."

బయటికొచ్చాక మెట్ల దగ్గర మరిది తల వంచుకుని నిలబడ్డాడు. "తగ్గుతాలే బాబూ, నువ్వు దిగులుపడకు" అని ఆమే ఆయనకు ధైర్యం చెప్పింది. ఆయన అన్నయ్యలాంటి వయసువాడే గానీ, నెరిసిన తలను అలా వంచుకుని నిలబడితే చూడలేకపోయింది.

ఆ మర్నాటినుంచి ఆమె తిండి మానేసింది. తగ్గించడం కాదు, మానేయడమే. పొద్దున పాలు లేని టీ, మధ్యాహ్నం రెండు దోసకాయ ముక్కలు, రాత్రికి కూరగాయలు ఉడికించిన నీళ్ళు. తల్లి పళ్ళెం ముందు పెట్టి బతిమాలేది, కోప్పడేది, చివరికి పళ్ళెం తీసుకుపోయి వంటింట్లో కూర్చుని ముక్కు చీదేది. మొదటి వారంలోనే తూకం ముల్లు నాలుగు కిలోలు వెనక్కి పోయింది. హలోఅక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇదే జోరైతే నెలలో తేలిపోతుందనుకుంది.

ముల్లు అక్కడే ఆగిపోయింది. తినేది ఇంకా తగ్గించింది. అయినా కదలలేదు. దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఆఫీసులో అందరూ ఫ్యాను పెంచమని గోల పెడుతుంటే ఆమె మాత్రం శాలువా కప్పుకుని కూర్చునేది. ఫోన్లో ఎవరో వీధి పేరు చెప్పేవారు, రాయబోయేలోపు మరిచిపోయేది, మళ్ళీ అడిగితే వాళ్ళు తిట్టేవారు. ఒక మధ్యాహ్నం పైపు పగిలిందని ఎవరో అరుస్తుండగానే ఆమె తల బల్లమీదికి వాలిపోయింది. అవతలివాడు పాపం "హలో, హలో" అని గొంతు చించుకుంటూనే ఉన్నాడట. సూపర్‌వైజరు వచ్చి మొహాన నీళ్ళు కొట్టి, పంచదార నీళ్ళు తాగించి, ఆటో ఎక్కించాడు.

"హలోఅక్కా, నువ్వు చెల్లెలికి కిడ్నీ ఇద్దామనుకుంటున్నావా, ప్రాణమే ఇద్దామనుకుంటున్నావా?" అన్నాడు ఆటో తలుపు పట్టుకుని. ఎగతాళికి అన్న మాట కాదు.

అలా ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే మేడం దగ్గరికి వెళ్ళింది. మెట్ల కింద చిన్న గది. గోడకు ఒక గడియారం, మూలన ఒక తూకం, బల్లమీద మూత తీయని తిండి డబ్బా. మేడం కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. కూర్చోమని సైగ చేసి, చెప్పేదంతా అడ్డు తగలకుండా విన్నది.

"రోజంతా చాకిరీ చేస్తానండీ. ముద్ద తినను. ఒళ్ళు మాత్రం దిగనంటుంది. ఇదేం ఒళ్ళో నాకర్థం కావట్లేదు."

"ఏం పని చేస్తారు?"

"ఫోన్లు ఎత్తుతాను."

"కూర్చునేనా?"

"కూర్చునే. కానీ సాయంత్రానికి ప్రాణం పోతుంది."

"పోతుంది. నాకూ పోతుంది." మేడం కాస్త నవ్వింది. "కానీ అలసట వేరు, ఒళ్ళు చేసే ఖర్చు వేరు. పదిమంది చేత తిట్లు తింటే మనసు నలిగిపోతుంది. కొవ్వు మాత్రం కరగదు. అదే మన దురదృష్టం."

అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పింది. మనిషి పొద్దుటినుంచి రాత్రిదాకా మంచం దిగకుండా పడుకున్నా సరే, ఒంటికి ఖర్చు ఉంటుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు మేలుకుని ఉండాలి, కిడ్నీలు వడకట్టాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. మనం తినేదాంట్లో ఎక్కువ భాగం ఈ ఊరికే ఉండే ఖర్చుకే పోతుంది. మనిషి ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది.

"మీకు అది సుమారుగా పదిహేను వందల క్యాలరీలు. దానిమీద మీ నడక, మీ పనులు కలిపితే పంతొమ్మిది వందలు. బరువులు మోసే కూలీ అయితే దీనికి ఎన్నో వందలు ఎక్కువ. మీది కుర్చీ ఉద్యోగం."

"మా ఆఫీసులో పంపుల లాగానండీ," అంది హలోఅక్క. "ఊళ్ళో ఒక్క కుళాయి తిప్పకపోయినా అవి ఆడుతూనే ఉండాలి. లేకపోతే పైపుల్లో నీళ్ళు నిలబడవు."

"అచ్చం అంతే. ఇప్పుడు మీరు ఆ పంపుకి కరెంటు సగానికి సగం కోసేశారు. అది ఏం చేస్తుంది? మెల్లగా తిరుగుతుంది. అందుకే మీకు చలి, మతిమరుపు, జుట్టు ఊడటం. మీకు తెలియకుండానే కదలడం కూడా తగ్గిపోయి ఉంటుంది. లేచే దగ్గర లేవరు, మెట్లెక్కే దగ్గర లిఫ్టు చూస్తారు. పైగా కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కండ పోతే ఊరికే ఉండే ఖర్చు ఇంకా పడిపోతుంది."

"మరి మొదటి వారం నాలుగు కిలోలు పోయాయిగా?"

"అందులో చాలావరకు నీళ్ళు. ఆ తర్వాత కూడా కొవ్వు కొంచెం కొంచెం కరుగుతూనే ఉండి ఉంటుంది. ఇంతగా మాడితే ఒళ్ళు మళ్ళీ నీళ్ళు పట్టుకుంటుంది, అందుకని ముల్లు మీద కనపడదు. నీళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా?"

చివరికి తేలిందేమిటంటే, పంతొమ్మిది వందల ఖర్చున్న మనిషి పద్నాలుగు వందలు తింటే వారానికి సుమారు అరకిలో తగ్గుతుంది. అంతకన్నా తొందరపడితే ఇదిగో ఇలా బల్లమీద వాలిపోవాలి. గుడ్లు, చిక్కుడు గింజలు, పెరుగు, చేప, కూరగాయలు, కొద్దిగా అన్నం. నూనె రోజు మొత్తానికి రెండు చెంచాలు మించకూడదు. సాయంత్రం నడక. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, కండ పోకుండా.

పళ్ళెంలో ఏం పెట్టుకోవాలో విన్నాక హలోఅక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇంత తినొచ్చాండీ?" అంది.

ఆ రోజు సాయంత్రం తల్లి గుడ్లు ఉడకబెట్టి, కూరా అన్నం వడ్డించి, కూతురు ఒక్కో ముద్దా నములుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది. "ఆ మహాతల్లెవరోగానీ చల్లగా ఉండాలి" అంది. హలోఅక్క కొనుక్కొచ్చిన చిన్న తూకాన్ని మాత్రం దూరంనుంచే చూసి మూతి ముడిచింది. "అన్నం తూచుకుని తినడమేంటే, బంగారమా?"

రెండు నెలలు బండి గాడిలో పడింది. వండేది తల్లి, డబ్బా కట్టేది తల్లి. హలోఅక్క వండినదాన్ని తూచి పెట్టుకునేది. సాయంత్రం ఆఫీసునుంచి నడిచి వచ్చేది, మోకాళ్ళు పీకుతుంటే దారిలో రెండుచోట్ల అరుగులమీద కూలబడేది. ఆకలి ఎప్పుడూ పూర్తిగా తీరేది కాదు, కళ్ళు తిరగడం మాత్రం పోయింది. తగ్గేది కొద్దికొద్దిగానే అయినా మొత్తం ఏడు కిలోలు తగ్గింది. జాకెట్లు వదులైతే బుల్లి మిషనుమీద దుప్పటి తీసి, ఓపిక ఉన్న రోజున కూర్చుని బిగించి ఇచ్చింది.

"అక్కా, నీ నడుం ఎక్కడుందో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది" అని నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి ఆగిపోయింది.

ఆ తర్వాత బరువు మళ్ళీ నిలబడిపోయింది. ఒక వారం అయితే ఫరవాలేదనుకుంది. రెండు, మూడు, నాలుగు. ఒకసారి ముల్లు ముందుకు కూడా జరిగింది. తూకం పాడైందేమోనని కింది అంతస్తు వాళ్ళ తూకం అడిగి చూసుకుంది. అదీ అదే మాట చెప్పింది. నడక ఇంకొంచెం పెంచింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక లేక గుమ్మంలోనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయేది.

మేడం లెక్క మళ్ళీ వేసింది. ఒళ్ళు చిన్నదైతే ఖర్చూ చిన్నదవుతుంది, అంచేత ఇదివరకటి అంత వేగంగా దిగదు, కానీ అసలే దిగకపోవడం వింతగా ఉందంది. అనుమానం తీరడానికి ఊపిరి పరీక్ష చేయించింది. పరగడుపున వెళ్ళి పడుకుంటే, తలమీద గాజుబుడగలాంటి మూత బోర్లించి, పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలిచి, ఊరికే పడుకున్నప్పుడు ఒళ్ళు ఎంత ఖర్చుపెడుతోందో చెబుతారు. కదలకూడదు, మాట్లాడకూడదు, నిద్రపోకూడదు. మొదటి రెండూ ఆమెకు స్వర్గంలా అనిపించాయి. నిద్రపోకుండా ఉండటమే చచ్చే చావైంది.

ఫలితం కాగితాన్ని మేడం పాత లెక్క పక్కన పెట్టి చూసింది.

"మీ ఒళ్ళు లెక్కకన్నా కాస్త పొదుపుగానే ఉంది. మొదట్లో మాడ్చారు కదా, దాని ఛాయలు కొంత ఉండొచ్చు. కానీ ఈ తేడా ఓ వంద క్యాలరీలు. దీనికే బరువు ఆగిపోదు."

"అంటే?"

"ఖర్చు కొలిచాం, అది సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది రాబడి. ఎక్కడో రోజుకి నాలుగైదు వందలు అదనంగా లోపలికి వెళ్తున్నాయి."

హలోఅక్క మొహం ఎర్రబడింది. "నేను దొంగతిండి తింటున్నానంటారా?"

"అలా అనలేదమ్మా."

"ఇంకెలా అంటారు? ఆఫీసులో పుట్టినరోజుకి కేకు ముక్క ఇస్తే పక్కమ్మాయికి ఇచ్చేశాను. టీలో పంచదార మానేశాను. కడుపు కాల్చుకుని, కాళ్ళు అరగదీసుకుని..." రోజుకి ఎంతమంది తిట్టినా వణకని ఆ గొంతు ఒక మంచి మనిషి ముందు వణికింది. కాగితం అక్కడే వదిలేసి బయటికొచ్చి, వరండాలో వరసగా వేసిన ఇనప కుర్చీల్లో ఒకదాంట్లో కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్నావిడ ఏమీ అడగలేదు. ఆసుపత్రి వరండాలో ఏడ్చేవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

ఆ వారంలోనే బుల్లికి యంత్రం మీద ఉండగానే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పింది. ఒక రోజంతా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. హలోఅక్క వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, ఇక వద్దులే."

"ఏది వద్దు?"

"అన్నీ. నువ్వు తగ్గడం, నన్ను కోయడం, నిన్ను కోయడం. నిన్ను చూస్తే నాకే భయమేస్తోంది. నా కోసం నువ్వు ఎండిపోతే నేను ఎవర్ని చూసుకుని బతకాలి?"

"ఎండిపోవడమా? ఎక్కడే? చూడు, ఇంకా కుర్చీ నిండుగా ఉన్నాను" అంది హలోఅక్క. చెల్లెలు నవ్వలేదు. అక్కకు కూడా ఆ మాట ఎందుకన్నానా అనిపించింది.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఫోన్ల లైనంతా పడిపోయింది. బాగు చేసేవాళ్ళు సాయంత్రందాకా రారన్నారు. సూపర్‌వైజరు, "అదృష్టం పండింది, ఇంటికి పొండి" అన్నాడు. మధ్యాహ్నం ఎండలో హలోఅక్క మూడు అంతస్తులూ ఎక్కి, తలుపు తీసే ఉంటే చప్పుడు చేయకుండా లోపలికి వచ్చింది. చప్పుడు చేయకపోవడం కావాలని కాదు, కాళ్ళెత్తి వేసే ఓపిక లేక.

తల్లి వంటింట్లో పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. ఉడికిన కూరగాయల గిన్నెలోకి నూనె సీసా వంచింది. చెంచా లేదు. ధార పడుతూనే ఉంది. తర్వాత డబ్బాలోంచి వేయించిన వేరుశెనగ పొడి గుప్పెడు తీసి పెరుగులో కలిపింది. కలిపి, పైన తెల్లగా కనపడేలా ఇంకో గరిటెడు పెరుగు పరిచింది. ఎంత శ్రద్ధగా పరిచిందంటే, చూస్తున్న కూతురికి ముందు ముచ్చటేసింది, ఆ తర్వాతే సంగతి అర్థమైంది. ఈమధ్య పెరుగు కమ్మగా ఉంటే, ఆకలికి ఏదైనా రుచేలే అనుకుని తినేసింది.

"అమ్మా."

గరిటె చేతిలోంచి జారి పడింది. తల్లి వెనక్కి తిరిగి కూతుర్ని చూసి, సీసాను చూసి, దాచడానికి చోటు లేక అలాగే పట్టుకుని నిలబడింది.

హలోఅక్క పీట లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్ళనుంచి?" అంది.

"నువ్వు తగ్గుతున్నావని తెలిసినప్పట్నుంచి."

"ఎందుకమ్మా?"

"ముందు నేను నమ్మలేదే. నువ్వేం తగ్గుతావులే అనుకున్నాను. ఏడు కిలోలు పోయేసరికి నాకు వణుకు పుట్టింది. ఇంకో అయిదు పోతే తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెడతారు." తల్లి సీసా కింద పెట్టి చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. "ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే. ఒకదాన్ని కోసి ఇంకోదానికి పెడతామంటే, ఊఁ అని ఏ నోటితో అనను? వద్దని ఏ నోటితో అనను? నువ్వు తగ్గకపోతే డాక్టర్లే వద్దంటారు. అప్పుడు తప్పు నాది కాదు, నీది కాదు. నీ బరువుది."

"బుల్లి పోతే?"

"ఆ మాట అనకు."

"అది మొన్న స్పృహ తప్పి పడిపోయిందమ్మా."

"అనకన్నానా!"

పొయ్యి మీద ఏదో అడుగంటుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు. ఆసుపత్రి వరండాలో ఏడ్చిన ఏడుపూ, అరుగుల మీద కూలబడ్డ సాయంత్రాలూ అన్నీ హలోఅక్క కళ్ళముందు తిరిగాయి. కేకలు వేయాలనే అనుకుంది. నోరు తెరిచింది కూడా.

"నాకు కోపం రావాలమ్మా. తెచ్చుకునే ఓపిక లేదు" అంది. అని, లేచి పొయ్యి ఆపింది.

ఆ రాత్రి ఆమె రెండు గుడ్లు తనే ఉడకబెట్టుకుని తిన్నది. మర్నాడూ అంతే. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే ఇంట్లో తిరగడం ఎంత కష్టమో ఆ రెండు గదుల్లో వాళ్ళకు తెలిసొచ్చింది. స్నానాల గది దగ్గర ఎదురుపడితే ఇద్దరూ ఒకేసారి పక్కకు తప్పుకుని మళ్ళీ ఎదురుపడేవారు.

మూడో నాడు బుల్లిని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళే మనిషి లేకపోయాడు. మరిదికి పని వేళలు మారాయి. హలోఅక్కకు సెలవులన్నీ అయిపోయాయి. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూడకుండానే అంది: "అమ్మా, ఇవాళ దానితో నువ్వెళ్ళు."

తల్లి ఇంతవరకూ ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు. చూడలేనని, మోకాళ్ళ నొప్పులని, ఇంకోసారని తప్పించుకుంటూ వచ్చింది. ఆ రోజు తప్పించుకోవడానికి దారి దొరకలేదు.

సాయంత్రం హలోఅక్క వచ్చేసరికి తల్లి దీపం వేయకుండా మంచంమీద కూర్చుని ఉంది. టీ పెట్టి ఇచ్చినా అలాగే పట్టుకుని కూర్చుంది. చల్లారిపోయాక అంది: "దాని చెయ్యి చూశావా? సూదులు గుచ్చి గుచ్చి ఎలా ఉబ్బిపోయిందో. దాహమేస్తోందమ్మా అంది. గ్లాసు తీసుకెళ్తే నర్సమ్మ నా చేతిలోంచి లాక్కుంది. కిడ్నీలు పనిచేయనివాళ్ళకి తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయంట, రెండు గుక్కలు కొలిచి పోసింది. పిల్ల దాహమంటే తల్లి నీళ్ళివ్వకూడదంట."

హలోఅక్క పక్కన కూర్చుంది. కాసేపటికి తల్లి తల ఆమె భుజంమీద పడింది. ఏడుస్తోందో, నిద్రపోయిందో తెలియలేదు. కదిలితే తెలిసేది, ఆమె కదలలేదు.

తెల్లారి వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించింది. తల్లి తూకం ముందు పెట్టుకుని కూర్చుని, దాని మీటలు నొక్కుతూ దాన్ని తిడుతోంది.

"ఇది సున్నా దగ్గరికి రాదేంటే? అన్నం ఎంతంది ఆవిడ? నూనె పూటకి చెంచా అంటే ఏ చెంచా, పెద్దదా చిన్నదా?"

"చిన్నది."

తల్లి చిన్న చెంచా నిండా నూనె పోసి, పైన పొంగినదాన్ని చాకు అంచుతో సీసాలోకి తోసేసింది. అది హలోఅక్క చూసింది. చూడనట్టు మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పినప్పుడు ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టలేదు. "మీ అమ్మగారిని ఏమీ అనకండి" అంది. "అనలేదండీ" అంది హలోఅక్క. "మిమ్మల్నే అన్నాను ఆ రోజు. క్షమించండి." ఆవిడ చేతులూపేసి, "నేను రోజుకి ఎంతమంది చేత తిట్లు తింటానో తెలుసా? ఫోన్లో కూడా కాదు, ఎదురుగానే" అంది. ఆ రోజు ఇద్దరూ బాగా నవ్వుకున్నారు.

మిగిలిన అయిదు కిలోలూ పోవడానికి మొదటి ఏడింటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి పళ్ళెం ఇంకాస్త చిన్నదయింది. కొన్ని వారాలు ముల్లు ఏమీ చెప్పేది కాదు. అప్పుడు తల్లే, "నీళ్ళు పట్టుకుని ఉంటుందిలే, వచ్చే వారం దిగుతుంది" అనేది, తనేదో పుట్టినప్పటినుంచీ ఈ చదువే చదివినట్టు. ఆకలికి నిద్ర పట్టనప్పుడు గోరువెచ్చటి పాలు కొలిచి ఇచ్చేది. చివరికి పెద్ద డాక్టరు తూకం మీదికి వంగి చూసి, "ఇక సరే" అన్నాడు. చెప్పుకోదగ్గ ఆనందమేమీ కలగలేదు హలోఅక్కకు. పెద్ద బరువు మూటను మెట్లన్నీ ఎక్కించి దించినట్టు ఉంది, అంతే.

ఆపరేషన్ రోజు ఇద్దరినీ పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు. ఏ గుమ్మం దగ్గర కూర్చోవాలో తల్లికి తెలియలేదు. ఒక తలుపు దగ్గర కాసేపు కూర్చుని లేచి రెండో తలుపు దగ్గరికి వెళ్ళేది, అక్కడ కూర్చోలేక మళ్ళీ ఇటు వచ్చేది. చూసి చూసి మరిది ఒక కుర్చీ తెచ్చి, సరిగ్గా రెండు తలుపులకూ మధ్య గోడకి వేసి, "ఇక్కడ కూర్చోండి అత్తయ్యా" అన్నాడు. సాయంత్రందాకా ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు.

కొత్త కిడ్నీ బల్లమీదే పనిచేయడం మొదలుపెట్టింది. బుల్లి మొహంలోకి వారం రోజుల్లో రంగు వచ్చింది. అక్కకు మాత్రం తేరుకోవడానికి డాక్టర్లు చెప్పినదానికి రెట్టింపు కాలం పట్టింది. ఇచ్చినవాళ్ళకు ఇలాగే ఉంటుందట, జబ్బుమనిషి లేచి తిరుగుతుంటే ఆరోగ్యంగా వెళ్ళినవాళ్ళు మంచం దిగలేకపోతారట. సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్ళాక పక్కకు వంగితే కుట్లు లాగేవి. మధ్యాహ్నానికే కళ్ళు మూతలు పడేవి. ఎవరో నీళ్ళు రాలేదని అరుస్తుంటే, ఆ అరుపు ఎక్కడో దూరంగా ఇంకొకరి మీద పడుతున్నట్టు వినిపించేది. పోయిన బరువులో రెండు కిలోలు తిరిగి వచ్చాయి. మేడం ఆరు నెలలకోసారి వచ్చి కనపడమంది, ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్ళు బరువు పెరగనివ్వకూడదని, ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదని చెప్పింది.

"జన్మంతా కొలుచుకుని తినాలాండీ?"

"రోజూ తూచక్కర్లేదు. చెయ్యికి తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ తూచి, చెయ్యి అబద్ధమాడుతోందేమో చూసుకోండి."

చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున బుల్లి వచ్చింది. మెట్లు ఆగకుండా ఎక్కి వచ్చింది. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత వేసుకునే మందులతో ఆకలి విపరీతంగా పెరిగిపోయిందట. ఇదివరకు తినకూడనివన్నీ ఇప్పుడు తినొచ్చు కదా అని మొదలుపెడితే ఆపుకోలేకపోయింది. తొమ్మిది కిలోలు పెరిగింది.

"అక్కా, పెద్ద డాక్టరు తిట్టాడు. నువ్విచ్చిన కిడ్నీని నేను పాడుచేస్తున్నానంట. నీ మేడం దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళవూ?"

హలోఅక్క చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది. ఎన్నేళ్ళ తర్వాతో ఆ పిల్ల ఒంట్లో ఇంత కండా, ఇంత రక్తం. నవ్వాపుకోలేకపోయింది. నవ్వితే కుట్టు దగ్గర నొప్పి, అయినా నవ్వింది. బుల్లి మొదట బుంగమూతి పెట్టి, తర్వాత తనూ కలిసి నవ్వింది.

"అమ్మను తీసుకెళ్ళు. నాకన్నా ఆవిడకే ఎక్కువ తెలుసు" అంది హలోఅక్క. "నేను లేవలేను. ఇవాళొక్కరోజు నన్ను పడుకోనీ."

తల్లి అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. ముందు ఊరికే పడుకున్నా ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తారనీ, దానికి భయపడక్కర్లేదనీ, ఆ గాజుబుడగలో పెడితే మాత్రం నిద్రపోకూడదనీ బుల్లికి చెబుతూ మెట్లు దిగింది. వాళ్ళ మాటలు రెండో అంతస్తుదాకా వినిపించాయి. హలోఅక్క తలుపు దగ్గరగా వేసి, ఫోను తీసి దిండు కింద పెట్టి, దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుంది.